తీసేసిన రెండువందల నలభై

"ఆరుగురిని వరుసల నిలబెట్టాలె. అందుల ఇద్దరు పక్కపక్కన ఉండొద్దు. ఎన్ని తీర్లు?" ఎంసెట్ పుస్తకంల లెక్కను ఫరహా పైకి చదివింది.

మణుగూరుల ఫొటో స్టూడియో నడిపే ఆమె నాయిన షుకూర్ నవ్విండు. "ఇయ్యాల మనింటి లెక్కనే గద బిడ్డా."

పండుగ ఫొటో కోసం ఇంటోళ్లు ఆరుగురు వచ్చి కూసున్నరు. అందుల ఫరహా అమ్మకు, మేనత్తకు ఏడాది సంది మాటల్లేవు.

"మొత్తం ఏడువందల ఇరవై తీర్లు అబ్బా. ఆ ఇద్దరు పక్కపక్కన వచ్చేటియి రెండువందల నలభై తీసేస్తే, నాలుగువందల ఎనభై. అందుల ఏదన్నా ఒకటి చూస్కో."

షుకూర్ ఆ ఇద్దరినే పక్కపక్కన నిలబెట్టిండు. కెమెరా కన్నుకు పెట్టుకొని, "ఇంకొంచెం దగ్గరికి" అన్నడు. భుజాలు తగిలినయి. "ఇంకొంచెం."

ఐదు నిమిషాలైనా ఫొటో తియ్యలే.

"కెమెరా మూతే తియ్యలేదు, చూడు భాబీ" అన్నది మేనత్త.

అమ్మకు నవ్వాగలే. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతుంటే షుకూర్ మూత తీసి ఫొటో కొట్టిండు.

"ముప్పై ఏండ్ల సంది తీస్తున్నవ్, మూత మరిచిపోయినవా అబ్బా?" అన్నది ఫరహా.

"నువ్వు తీసేసిన రెండువందల నలభైల ఒకటి నాకు కావాల్సుండె బిడ్డా."