లోపం లేని ల్యాప్‌టాప్

"ఇంకొకతూరి పరీక్ష చేసి సూడన్నా," అంది మహిత.

పని మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోతోందని ఆమె భర్తతో కలిసి తిరుపతిలోని ఆ రిపేరు షాపుకు వచ్చింది. షాపు నడిపే హజరత్ వలి మెమరీని, హార్డ్ డిస్కును అప్పటికే రెండుసార్లు పరీక్షించాడు.

"మెమరీ బాగుండాది. డిస్కులో కూడా యాడా లోపం లేదమ్మా."

ఆమె భర్త అమర్‌నాథ్ ముఖం వెలిగింది. "బతికించినావప్పా! మద్రాసు కంపెనీ పనంతా ఈమె నగరిలో మా ఇంట్లోనే కూర్చోని దీంట్లో చేసుకుంటాది."

సెల్‌ఫోను మోగితే అతను బయటికి వెళ్లాడు. మహిత గొంతు తగ్గించింది.

"చెడిపోయిందని చెప్పన్నా."

"ఎందుకమ్మా?"

"చెడిపోతే కంపెనీవాళ్లు ఆఫీసుకు రమ్మంటారు. పెండ్లయినప్పటి నుంచీ ఒక్క గదిలోనే ఉండాను. ఊపిరాడటం లేదన్నా."

వలి ఆమె వెనకవైపు చూశాడు. గుమ్మంలో అమర్‌నాథ్ నిలబడి ఉన్నాడు.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పినాను. బస్సుల్లో పడే పాట్లు తప్పినాయి కదా, ఇంకేం కావల్ల అంటిరి."

ఆ మాట తను అన్నదేనని అమర్‌నాథ్‌కు గుర్తుంది. అప్పుడు అది ప్రేమతోనే అన్నాడు. అతను లోపలికి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"మిషను బాగుండాదనే కంపెనీకి చెప్పు," అన్నాడు. "అయినా సరే, ఆఫీసుకు వస్తానని చెప్పు."

కోపంతో అన్నాడేమోనని మహిత అతని ముఖంలోకి చూసింది. కోపం కాదు.