గోడవతల గురువు

టక్, టక్.

గోడవతల నుంచి చప్పుడు రాగానే దర్జీ క్లారినెట్ నోట్లోంచి తీసేశాడు.

"అయ్యిందా? పక్కింట్లో కొత్తగా దిగినవాళ్ళకీ చెవులుంటాయి కదండీ," అంది ఇస్త్రీ చేస్తున్న భార్య. "కింద స్వరాలు బానే ఉంటాయి. పైకెక్కేసరికి నూనె లేని తలుపు తీసినట్టుంటుంది. వెళ్ళి ఏమీ అనుకోవద్దని చెప్పి రండి."

"ఆదివారం అయ్యాక వెళ్తాలే."

ఆదివారం పార్కులో ఊరి బ్యాండు కచేరీ. చివర్లో మిగతా వాద్యాలన్నీ ఆగిపోతే క్లారినెట్ ఒక్కటే పైకి వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడాలి. మొన్న సాధనలో సరిగ్గా అక్కడే కీచుమంది. "శనివారానికి ఆ స్వరం మెత్తబడకపోతే ఆ ముక్క ఫ్లూటుకి ఇచ్చేస్తాను టైలర్ గారూ, ఏమనుకోకండి," అన్నాడు బ్యాండు మాస్టారు. అనుకోకుండా ఎలా ఉంటాడు? రోజంతా మెడలో టేపు వేసుకుని ఊళ్ళోవాళ్ళ నడుములు కొలిచే మనిషికి, నలుగురూ తలెత్తి చూసేది ఆ ఒక్క ముక్క అప్పుడే. అది కాస్తా పోతే ఇక క్లారినెట్ అటక మీదికే.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు మూసి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. తెర సందులోంచి ఎండ గచ్చు మీద పడి, నెమ్మదిగా మంచం వైపు జరుగుతోంది. భార్య కునికిపాట్లు పడుతోంది. పైస్వరం కీచుమంది. టక్, టక్. దవడ కాస్త వదులు చేశాడు. చప్పుడు లేదు. మళ్ళీ బిగించాడు. టకటకటక!

దర్జీ భార్య భుజం తట్టాడు. "ఏమే, లే! అది కోపం కాదు. పాఠం!"

"ఏం పాఠం?"

"తప్పు వాయిస్తేనే తడుతున్నారు. పక్కింట్లో సామాను దింపిన రోజు చేతికర్రతో ఒక పెద్దాయన్ని చూశాను, చంకలో పొడుగాటి తోలు పెట్టె. ఎవరో మహా విద్వాంసుడు!"

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది. వచ్చి వారమైనా తలుపు తీసి పలకరించింది లేదు, మీకు పాఠాలు కూడానా!" అంది గానీ, నిద్ర తేలిపోయి అతని నోటి వైపే చూసింది. "అది సరేగానీ, గుండుసూదులు పట్టుకున్నట్టు దాన్ని అలా పళ్ళతో కొరుకుతారేంటి?"

నిజమే! కొట్లో ఎప్పుడూ పళ్ళ మధ్య సూదులే. స్వరం పైకెక్కుతుంటే అదే అలవాటున దవడ బిగుసుకుపోతోంది, నోటి దగ్గర మోగే సన్నటి రెల్లు బద్ద, ఆ రీడు, ఊపిరాడక అరుస్తోంది. ఆ రోజు నుంచి దర్జీ సూదులు నోట్లో పెట్టుకోవడం మానేసి చొక్కా జేబుకి గుచ్చుకున్నాడు. పెదాల చివరలు మాత్రం గట్టిగా పట్టి, దవడ వదిలేసి, వేడి టీ మీద ఊదినట్టు సన్నగా, ఆపకుండా గాలి పంపాడు.

గురువుగారు పొద్దున పూట మహా చిరాకు మనిషి. మధ్యాహ్నమైతే శాంతం. ఒకసారి గోడవతల నుంచి సన్నగా రాగం కూడా తీశారు. అదేం రాగమో దర్జీ ఎంత చెవి ఒగ్గినా పోల్చుకోలేకపోయాడు. "పెద్దవాళ్ళ విద్య, మనకెక్కడ అందుతుంది," అనుకుని గోడకి దణ్ణం పెట్టాడు. భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం పైస్వరం పట్టుకుని నిలబడ్డాడు. అది సన్నగా, వెచ్చగా గదంతా పరుచుకుంది. గచ్చు మీద ఎండ కూడా కదలడం మానేసినట్టనిపించింది. గోడవతల చడీచప్పుడూ లేదు. దర్జీకి కళ్ళు చెమర్చాయి.

ఆదివారం కచేరీలో ఆ స్వరం చెట్ల మీదుగా వెళ్తుంటే బ్యాండు మాస్టారు చెయ్యి ఊపడం మర్చిపోయి అలాగే ఉండిపోయాడు. ముందు వరసలో భార్య చప్పట్లు కొట్టడం ఎంతకీ ఆపలేదు.

సోమవారం దర్జీ పక్కింటి తలుపు తట్టాడు. చేతిలో కొత్త కోటు. పెద్దాయన కొలత ఒక్క చూపుతో గుర్తుపెట్టుకుని, గురుదక్షిణగా కుట్టాడు. నిద్రకళ్ళతో ఒక అమ్మాయి తలుపు తీసింది.

"పెద్దాయన ఉన్నారామ్మా? విద్వాంసులు గారు?"

"విద్వాంసులా? మా నాన్నగారైతే సామాను దింపించి ఆ రోజే వెళ్ళిపోయారండీ. ఆయనకి చేపల పిచ్చి తప్ప ఇంకేం లేదు."

"మరి ఆ తోలు పెట్టె?"

"అందులో గాలాలు."

దర్జీ తమ ఇంటి గోడ వైపు చూశాడు. "అయితే... ఆ గోడ మీద తట్టేదెవరమ్మా?"

ఆ అమ్మాయి నాలిక కరుచుకుంది. "అయ్యో, మీకు వినిపిస్తోందా? ఎంత చెప్పినా వినే రకం కాదండీ. ఈమధ్య మీ పాట బాగుంటేనే నిద్ర. రండి బాబాయిగారూ, చప్పుడు చెయ్యకండి, ఇప్పుడే కన్నంటుకుంది."

దర్జీ చెప్పులు విడిచి, కోటు గుండెలకి హత్తుకుని, మునివేళ్ళ మీద లోపలి గదిలోకి తొంగిచూశాడు.

గోడకి ఆనించిన చెక్క ఉయ్యాలలో గురువుగారు ఒక చేత్తో చెక్క గిలక్కాయ పట్టుకుని, రెండో చేతి బొటనవేలు చీకుతూ నిద్రపోతున్నారు.