ఎత్తని ఫోన్లు

పెద్దాయన నాలుగో రోజు కూడా వచ్చాడు.

"నేనిచ్చిన కాగితం చూశావా అమ్మా?" అన్నాడు. అడగడమా అది? పక్కగదిలో టైపిస్టు ఉలిక్కిపడింది.

సర్వే అమ్మాయి ఆయన చెవి దగ్గరకు వంగి, చూస్తానని గొంతు చించుకుని చెప్పింది. ఆయన తలూపి వెనుదిరిగాడు.

"చెవిటి మాలోకం. ప్రాణం తోడేస్తున్నాడు" అని గొణుక్కుంది.

పెద్దాయన గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, మెట్లు దిగి వెళ్లాడు.

మొదటిరోజు ఆయన చెప్పింది ఒక్కటే, ఫోన్‌లో కాకుండా ఈ ఇళ్లకు వెళ్లి అడగమని. ఆ కాగితాన్ని ఆమె సొరుగులో పడేసింది. ఆమె తొందర ఆమెది. ఊళ్లో వినికిడి తగ్గినవాళ్లు ఎందరో తేలితే గానీ, చెవుల ఆసుపత్రి ఉంచాలో ఎత్తేయాలో పైవాళ్లు తేల్చరు.

డైరెక్టరీ ముందేసుకుని నాలుగు వందల ఇళ్లకు ఫోన్ చేసింది. ఎత్తినవాళ్లంతా నిక్షేపంలా వినబడుతోందన్నారు. అరవైమూడు ఇళ్లలో ఎన్నిసార్లు మోగినా ఎత్తలేదు. వాటిని కొట్టేసి వేరే నంబర్లు వేసుకుంది.

ఎత్తనివాళ్లతో వేగడం ఆమెకు కొత్తేం కాదు. ఇంట్లో అత్తగారూ అంతే. ఆర్నెల్లుగా ఫోన్ చేస్తే ఎత్తదు, పిలిస్తే పలకదు. ఏం తప్పు చేశానో అని కోడలు లోలోపల కుమిలిపోతోంది.

ఊళ్లో చెవిటివాళ్లే లేరని రిపోర్టు తయారైంది. కవరు అంటించడానికి జిగురు కోసం సొరుగు లాగితే పెద్దాయన కాగితం కనబడింది. పేర్లు లేవు, అన్నీ ఫోన్ నంబర్లే. చాలావరకు తను కొట్టేసినవే. అట్టడుగున ఉన్నది మాత్రం తన ఇంటి నంబరు.

ఆ సాయంత్రం అత్తగారి ఎదురుగా కూర్చుని, గట్టిగా అడిగింది.

"మీకు వినబడటం లేదా అత్తయ్యా?"

అత్తగారు తల దించుకుంది. "చెబితే పనికిరానిదాన్నని అనుకుంటావేమోనని దాచానే."

"నామీద కోపమనుకున్నాను."

"నీమీద కోపమేమిటే పిచ్చిదానా."

ఇద్దరూ ఏడ్చారు, ఆపైన నవ్వుకున్నారు. ఆర్నెల్ల బరువు దిగిపోయింది.

ఫోన్ మోగట్లేదని ఫిర్యాదు రాసి పంపితే ఎవరో ముసలి లైన్‌మన్ వచ్చి చూశాడట. ఫోన్‌లో లోపం లేదని, చెవులు చూపించుకోమని చీటీ మీద రాసిచ్చాడట. ఎవరికీ తన పేరు చెప్పొద్దని అత్తగారు ఒట్టు వేయించుకుందట.

మర్నాడు కోడలు రిపోర్టు చించేసి, ఆ అరవైమూడు ఇళ్లకూ నడిచి వెళ్లింది. నలభైయొక్కమంది తేలారు. ఆసుపత్రి నిలబడింది.

ఆ కబురు చెప్పడానికి టెలిఫోన్ ఆఫీసుకు పరుగెత్తి, పెద్దాయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

ఆయన చెవి రుద్దుకున్నాడు. "మెల్లగా చెప్పమ్మా. ఆ ఇళ్లల్లో మాట్లాడీ మాట్లాడీ గొంతు పెరిగింది గానీ, నావి పాము చెవులు."