ఆరు బోల్టులు

"నాలుగు కాదు, ఆరు," అన్నాడు ముసలాయన కంచె అవతల నుంచి.

హిలరీ తలెత్తలేదు. మోకాళ్ళ కింద తడి గోనెసంచి వేసుకుని ప్లాట్‌ఫాం మీద బెంచీ బిగిస్తోంది. ఆ గొంతు ఎవరిదో చూడకుండానే తెలుసు. నార్మన్ గార్బట్. మొన్న వసంతంలో పక్క ఊళ్ళో మేనకోడలి ఇంటికి వచ్చి చేరాడు. అప్పటినుంచీ వారానికి మూడు రోజులు చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి ప్రాణం తీస్తున్నాడు.

"ఒక్కో బెంచీకి ఆరు బోల్టులు. వెనక రెండూ మహా బిగుతుగా ఉండేవి. నువ్వు బిగించిన దాని మీద పిల్లి కూర్చున్నా కూలుతుంది."

థోర్న్‌బెక్ స్టేషన్ మూతపడి నలభై ఏళ్ళు. పట్టాలు లేని ప్లాట్‌ఫాం, పైకప్పు సగం కూలిన టికెట్ల గది, మనిషెత్తు ముళ్ళపొదలు. దాన్ని మళ్ళీ నిలబెట్టాలని హిలరీ కంకణం కట్టుకుంది. అక్కడ ఆఖరి స్టేషన్ మాస్టరు ఎడ్విన్ స్టానర్డ్ ఆమె తండ్రి. స్టేషన్ మూశాక ఆయన నాలుగేళ్ళు బతికాడు. మాట్లాడటం మాత్రం మూసిన రోజే మానేశాడు. రైళ్ళు ఇక రావని ఆమెకూ తెలుసు. నాన్న నిలబడిన చోటు నిలబడితే చాలనుకుంది.

ఊరివాళ్ళు పదిమంది ఆదివారాలు వచ్చి చెయ్యి వేస్తున్నారు. గార్బట్ మాత్రం కంచె దాటి లోపలికి రాడు. పూచికపుల్లంత సాయం చెయ్యడు. నిలబడి తప్పులు పడతాడు.

ఊరి పేరు బోర్డుకి ముదురు ఎరుపు వేస్తుంటే, అది నారింజ రంగని గొడవ పెట్టుకున్నాడు. స్టేషన్ బోర్డుకి నారింజ రంగేమిటని రిటైరైన పోస్ట్‌మాన్ డెరెక్ పకపకా నవ్వాడు. పాత బోర్డు ముక్క ఒకటి ఓ రైతు కోళ్ళగూటికి తలుపుగా ఉంది. వెళ్ళి గీకి చూస్తే నారింజ రంగే. దీపస్తంభాలు తొమ్మిదని వీళ్ళు తేల్చుకుంటే, పదకొండన్నాడు. పొదలు నరికాక, నేలబారుగా తెగిన ఇనుప మొదళ్ళు సరిగ్గా పదకొండు బయటపడ్డాయి.

అతని మాట నిజమైన కొద్దీ హిలరీకి ఒళ్ళు మండేది.

"పుట్టినప్పుడు మంత్రసానికి కూడా తప్పులు పట్టే ఉంటాడు," అన్నాడు డెరెక్.

ఆగస్టులో ఓ రోజు గొడవ ముదిరి పాకాన పడింది. ఎడమవైపు ఉండాల్సిన టికెట్ల కిటికీని తలుపుకి కుడివైపు పెట్టారని గార్బట్ కర్రతో కంచెని టపటపా కొట్టాడు.

"మీ నాన్న చూస్తే సిగ్గుతో చచ్చేవాడు."

హిలరీ చేతిలోని రంగు కుంచె విసిరేసింది. అది అతని కోటుకి తగిలి కింద పడింది.

"మా నాన్న పేరెత్తకండి. ఆయన గురించి మీకేం తెలుసు?"

అతను కోటు తుడుచుకోలేదు. "తాళాలు అప్పగించిన రోజున గడ్డం గీసుకోకుండా వచ్చాడు. ఆ మాత్రం తెలుసు," అని వెనుదిరిగాడు.

ఆ సాయంత్రమే స్టేషన్ పనులు చూసే కమిటీ కూర్చుంది. గార్బట్ ఈ ఛాయలకు రాకూడదని ఉత్తరం రాశారు. మొదటి సంతకం హిలరీదే. పోస్టు చేస్తానని తీసుకున్న ఆ ఉత్తరం మాత్రం ఆమె సంచిలోనే ఉండిపోయింది.

నాన్న ఆదివారాలు కూడా గడ్డం గీసుకునే మనిషి. ఆ ఒక్క ఉదయం గీసుకోలేదు. అమ్మ సబ్బు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి పిలుస్తున్నా, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళ హిలరీ కిటికీలోంచి చూసింది. ఆ సంగతి ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అంటే గార్బట్ ఆ రోజు ఇక్కడ ఉన్నాడు. సిగ్నళ్ళు చూసేవాడో, సామాన్లు మోసేవాడో, నాన్న చేతికింద పనిచేసినవాడే అయి ఉండాలి. చూసి చూసి, తుడిచి తుడిచి అరిగిపోయిన మనిషికి కాక, బెంచీకి ఎన్ని బోల్టులో ఇంకెవరికి గుర్తుంటుంది? కుంచె విసిరిన చెయ్యి చూసుకుంటే ఆమెకి మొహం చెల్లలేదు.

మర్నాడు అల్లం కేకు చేసుకుని అతని మేనకోడలి ఇంటికి వెళ్ళింది. అతను తలుపు సగమే తెరిచాడు. కేకు అందుకోలేదు. ప్రారంభం రోజున రిబ్బను మీరే కత్తిరించాలని ఆమె చెబుతుంటే ఆమె బూట్ల వైపే చూస్తూ నిలబడ్డాడు.

"బెంచీలు సరిచేశావా?"

"ఆరేసి బోల్టులు పెట్టాం."

"తప్పుగా నిలబెడితే నిలబెట్టనట్టే," అన్నాడు. "నేను రాను."

తలుపు మూసుకుంది. మూసిన తలుపుతోనే చెప్పింది హిలరీ, "మా నాన్న తరఫున అడుగుతున్నాను," అని.

ప్రారంభం నాటి శనివారం బ్యాండు మేళం పెట్టారు. రెండు వందల మంది వచ్చారు. డెరెక్ పెద్ద కెటిల్‌తో టీ పోస్తున్నాడు. పదకొండు దాటాక గార్బట్ వచ్చాడు, మంచి సూటు వేసుకుని. మొదటిసారి కంచె దాటాడు. ఎవరినీ పలకరించకుండా బెంచీ దగ్గరికి వెళ్ళి, వెనక కాళ్ళు కర్రతో తట్టి చూశాడు.

హిలరీ మైకు అందుకుంది.

"ఈయన మా నాన్నతో కలిసి ఈ స్టేషన్‌ని కడదాకా కనిపెట్టుకుని ఉన్న మనిషి. మనమే ఈయన్ని ఇన్నాళ్ళూ కంచె అవతల నిలబెట్టాం. తప్పు మనది."

చప్పట్లు మోగాయి. డెరెక్ టోపీ తీశాడు. ఆమె రెండు చేతులతో కత్తెర అందించింది.

చప్పట్లు ఆగేదాకా గార్బట్ నేల చూపులు చూశాడు. తరవాత కత్తెరని తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

"నేను రైల్వేలో ఒక్కరోజు కూడా పనిచెయ్యలేదమ్మాయ్," అన్నాడు, "ఇక్కడి బెంచీలూ దీపాలూ పట్టాలూ ఒక్కొక్కటే ఊడబీకి తుక్కుకింద తోలిన మేస్త్రీని నేను."