అశ్వగంధ డబ్బా

“పోనీ, నిద్రమాత్రతో కలిపి వేసుకుంటే?”

పెద్దావిడ ఈ వారంలో మందుల షాపుకి రావడం ఇది నాలుగోసారి. ఫార్మసిస్టు అశ్వగంధ పొడి డబ్బాను ఆమె చేతిలోంచి మెల్లిగా తీసుకుని మళ్లీ అద్దాల అల్మారాలో పెట్టేశాడు.

“వద్దు పెద్దమ్మా. రెండూ మత్తిచ్చేవే. పొద్దున్న లేవబోయి తూలిపడతారు.”

ఆవిడ సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి రాసుకుంది. సోమవారం షుగరు మాత్రతో ఈ పొడి వేసుకోవచ్చా అని అడిగితే, షుగరు మరీ పడిపోయి కళ్లు తిరుగుతాయన్నాడు. మంగళవారం బీపీ మాత్ర. నిన్న థైరాయిడ్ మాత్ర. డాక్టరుని అడక్కుండా పొడి ముట్టుకోవద్దని దండం పెట్టినంత పని చేశాడు. పాపం, ఒక్క మనిషికి ఇన్ని జబ్బులా అని ఇంటికెళ్లినా అతనికి అన్నం సయించలేదు.

లోపల్నుంచి యజమాని గయ్యిమన్నాడు.

“నాలుగు రోజులుగా చూస్తున్నా! అడిగింది ఇవ్వడానికి నీకు చేతులు రావట్లేదా? ఇవాళ ఆవిడ ఒట్టి చేతుల్తో వెళ్తే, వెనకే నువ్వూ వెళ్లు!”

ఫార్మసిస్టు అల్మారా తలుపు మూసేశాడు. ఉద్యోగం దొరికి ఇంకా మూడు నెలలైనా కాలేదు.

“వెళ్తాను సార్. ఇది మాత్రం ఇవ్వను.”

తెల్లకోటు గుండీలు విప్పుతూ ఆవిడ వైపు తిరిగాడు.

“పొడి చెడ్డదని కాదు పెద్దమ్మా, మీ మాత్రలకి పడదు. అసలు తయారుచేసినవాళ్లని అనాలి. డబ్బా మీద గుర్రం బొమ్మ ఇంత వేశారు. ఏ మాత్రలతో వేసుకోకూడదో ఒక్క ముక్క రాశారా? బుర్ర ఉండక్కర్లా?”

“ఉండాలి నాయనా,” అంటూ ఆవిడ అదీ రాసుకుంది.

“అదెందుకు రాస్తున్నారు? ముందు మీ మందుల చీటీ ఇవ్వండి. డాక్టరుగారితో నేనే మాట్లాడతాను.”

“చీటీనా? నేను ఒక్క మాత్ర కూడా మింగను. గుండ్రాయిలా ఉన్నాను.”

అతను నోరు తెరిచాడు. “మరి ఈ నాలుగు రోజులూ...?”

“పదకొండు షాపులు తిరిగాను. పదింట్లో మారుమాట లేకుండా డబ్బా చేతిలో పెట్టారు. నువ్వొక్కడివే ఇవ్వలేదు. కోటు ఎలాగూ విప్పావుగా, నాతో వచ్చెయ్. పని నేనిస్తాను.”

“మీరా? ఏం పని?”

ఆవిడ నోటుపుస్తకం అతని చేతిలో పెట్టింది.

“ఆ పొడి చేసేది నేనే.”