పాలగది

తల్లిపాలు తీసే మిషన్ గుర్రుమంటోంది గానీ సీసాలో పాలు మాత్రం పడటం లేదు.

తల్లి దాని నెత్తిన ఒక్కటిచ్చింది. అది ఇంకాస్త గట్టిగా గుర్రుమంది.

"దాన్ని కొడితే పాలొస్తాయా అమ్మా? కాసేపు ఆగి మళ్ళీ పెట్టుకోండి," అంది నర్సు.

"ఆగండి, ఆగండి! ఈ ఆస్పత్రిలో ఇంకో మాట రాదా ఎవరికీ?"

నర్సు ఇలాంటివి చాలా విన్న మనిషి. నవ్వి ఊరుకుంది.

గుండె ఆపరేషనైన పసివాడు గాజు తలుపు అవతల ఉన్నాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇక వాడు చేయాల్సిందల్లా పాలు తాగి, అరిగించుకుని, బరువు పెరగడమే. మొదట్లో డబ్బా పాలు పడితే పొట్ట ఉబ్బిపోయి, ఆయాసం ముంచుకొచ్చి, తీసేసిన ఊపిరి గొట్టం మళ్ళీ పెట్టాల్సొచ్చింది. తల్లిపాలు తప్ప ఇంకేవీ వద్దని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

తల్లికేమో ఏడ్చి ఏడ్చి పాలు ఎండిపోయాయి. పాలు ఎక్కువున్న తల్లులు ఇచ్చినవి వేడిచేసి, చల్లార్చి, ఫ్రిజ్‌లో దాచి వాడికి పడుతున్నారు. ఎవరి పాలు ఎవరి బిడ్డకి వెళ్తున్నాయో చెప్పకూడదని అక్కడి నియమం.

బిడ్డ కోలుకుంటున్నాడని సంతోషించాల్సింది పోయి ఆమెకు ఒళ్ళు మండిపోయేది. వాడి కోసం తను చేయగలిగింది ఆ ఒక్క పనే, అదీ చేతకావడం లేదు. "ధైర్యంగా ఉండు" అనే మొగుడి మీద కోపం. "మాకిలాంటివేమీ తెలియవమ్మా" అనే అత్తగారి మీద కోపం. అందరికన్నా ఎక్కువగా, పాలగదిలో పక్క కుర్చీలో కూర్చునే మనిషి మీద కోపం.

ఆ మనిషికి తన మనసులోనే 'పాలపొంగు' అని పేరు పెట్టింది.

పాలపొంగు పొద్దున్నే వచ్చేది. మిషన్ పెట్టుకున్న కాసేపటికే సీసా నిండేది. అది తీసి ఇంకోటి పెట్టేది. మూతలు బిగించి నర్సుకిచ్చి, ఇటు తిరిగి అడిగేది.

"బాబు తాగుతున్నాడా?"

"ఆఁ."

"అరుగుతున్నాయా?"

"అరక్కపోతే మీకు కబురు పెడతాంలెండి!"

పాలపొంగు తల దించుకునేది. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. పుండు మీద కారం చల్లడానికే అడుగుతోందని తల్లికి గట్టి నమ్మకం.

ఇంకో సంగతి చూస్తే ఆమెకు అసలు నచ్చేది కాదు. తల్లులంతా సీసా ఇవ్వడం ఆలస్యం, గాజు తలుపు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. ఈవిడ మాత్రం ఆ వైపు కన్నెత్తి చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయేది.

"కన్నబిడ్డ మొహం చూడని తల్లిని ఇక్కడే చూశానండీ," అంది మొగుడితో.

"పోనీలేవే, మనకెందుకు?"

"మీకు ఏదీ అక్కర్లేదు!"

ఆ రోజు బాబు మొదటిసారి గొట్టంతో పని లేకుండా నోటితో తాగాడు. తల్లి గంపెడాశతో పాలగదికి వచ్చి మిషన్ పెట్టుకుంది. ఎంతసేపు కూర్చున్నా సీసా అడుగు కూడా తడవలేదు.

పాలపొంగు ఆ సీసా వంక చూసింది.

"బెంగ పెట్టుకోకండి. బాబుకి పాలకి లోటు రాదు."

అంతే. అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా బిడ్డ ఊసు నీకెందుకు? నీకు పొంగి పొర్లుతున్నాయని రోజూ నా పక్కన కూర్చుని చూపించుకోవాలా? ముందెళ్ళి నీ బిడ్డ సంగతి చూసుకో! ఒక్కనాడైనా ఆ బిడ్డ మొహం చూశావా? నువ్వూ ఒక తల్లివేనా?"

గదిలో మిగతా తల్లులు బిక్కచచ్చిపోయారు.

పాలపొంగు మొహంలో నెత్తురు చుక్క లేదు. సీసా మూత బిగించి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. పీడ విరగడైందనుకుంది తల్లి.

ఆ మర్నాడూ రాలేదు. ఆ రోజే నర్సు చేతిలో పాలడబ్బా కనిపించింది.

"అదెవరికి?"

"మీవాడికేనమ్మా. కొంచెం కొంచెంగా పట్టి చూద్దామన్నారు డాక్టరు గారు."

"పట్టి చూస్తారా? పోయినసారి చూసింది చాల్లేదా? వాడి ప్రాణమంటే ఆటగా ఉందా మీకు? ఫ్రిజ్‌లో పాలేమయ్యాయి?"

"అయిపోయాయి. ఈమధ్య మీవాడికి పట్టినవన్నీ ఒకావిడవే. మిగతా తల్లుల పాలు వాళ్ళ పిల్లలకే చాలడం లేదు."

"మరి ఇన్నాళ్ళూ ఇచ్చినావిడ ఏమైంది?"

"మానేసింది."

"మానేస్తుందా? నోటిదాకా వచ్చిన పాలు లాగేసుకోవడానికి మనసెలా ఒప్పింది? అదేం ఆడది! ఎవరో చెప్పండి, అడగాల్సింది అడుగుతాను. కాదంటే కాళ్ళు పట్టుకుంటాను."

నర్సు డబ్బా ఠక్కున బల్ల మీద పెట్టింది. ఆమెకు కోపం రావడం ఆ వార్డులో ఎవరూ చూడలేదు.

"చెప్పకూడదు. అయినా చెప్తాను. మొన్న మీరు నోటికొచ్చినట్టు తిట్టి పంపించారే, ఆవిడే!"

తల్లి నర్సు చెయ్యి పట్టుకుంది.

"ఆవిడా? మరి... ఆవిడ బిడ్డకి వద్దా ఆ పాలు? ఆ బిడ్డ ఏ మంచం మీద ఉంది?"

"ఏ మంచం మీదా లేదు."

నర్సు గొంతు తగ్గింది.

"ఆ పాప మీవాడి ఆపరేషన్ రోజే పోయిందమ్మా; పాలు ఆగిపోవడానికి ఇచ్చిన మాత్రలు ఇన్నాళ్ళూ మీవాడి కోసమే వేసుకోలేదు, మొన్న వేసుకుంది."