నత్తల పందెం

"నర్సరీ లేకపోతే పిల్లకి నలుగురిలో మెలగడం ఎలా తెలుస్తుంది?" అత్తగారు ఫోన్‌లో మళ్ళీ మొదలుపెట్టింది.

"నేనున్నానుగా! లాక్‌డౌన్ అయ్యాక వచ్చి చూసి మాట్లాడండి," అని హెస్టర్ ఫోన్ పెట్టేసింది.

ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో వాళ్ళ వెనకసందుకు రెండు వైపులా పెరటి గోడలే. వసంతంలో ఎదురింట్లో అద్దెకు దిగిన మోయిరాకు యాభై దాటాయి. పనీపాటా లేనట్టు, సందుకు అటువైపు నిలబడి, హెస్టర్ మూడేళ్ళ కూతురు నెల్‌తో రోజూ నత్తల పందెం ఆడేది. ఎవరి నత్త వాళ్ళ గోడ మీదే.

ఆ రోజు నెల్ తన నత్తను చేత్తో ఎత్తి సుద్దగీత దాటించేసింది.

"దొంగాట! నేనాడను పో," అని మోయిరా లోపలికెళ్ళి తలుపేసుకుంది.

నెల్ గుక్కపట్టి ఏడ్చింది. హెస్టర్‌కు ఒళ్ళు మండింది.

"మూడేళ్ళ పిల్లతో పంతమేంటండీ? ఒక్కసారి ఓడిపోతే మీ సొమ్మేం పోయింది?"

మోయిరా కిటికీ తెరిచింది. "మీరు రోజూ పిల్లకి ఓడిపోతున్నారుగా, అది చాలదూ?"

మర్నాడు నెల్ గోడ దగ్గర చాలాసేపు నిలబడింది.

"మోయిరా! ఇవాళ ముందు నువ్వు," అంది చివరికి.

మోయిరా ఏమీ జరగనట్టే బయటికొచ్చింది.

పిల్లతో సమానంగా పోట్లాడే ఈ మనిషికి బుద్ధి ఎప్పుడొస్తుందో అనుకుంది హెస్టర్. ఆగస్టులో ఇల్లు ఖాళీ చేస్తూ మోయిరా చెయ్యి ఊపితే, కర్టెన్ లాగేసింది.

సెప్టెంబరులో నెల్ నర్సరీలో చేరింది. వారం తిరక్కుండానే దాన్ని నడిపే పెద్దావిడ హెస్టర్‌ను గేటు దగ్గర ఆపింది.

"మిగతా పిల్లలు లాక్కుంటున్నారు, కొరుకుతున్నారు. మీ నెల్ తన వంతు వచ్చేదాకా ఆగుతుంది. తగువైతే తనే వెళ్ళి కలుపుకుంటుంది. ఎవరు నేర్పారు?"

హెస్టర్ తలెగరేసింది.

"ఎవరో ఎందుకండీ? నేనే! ఆర్నెల్లు నెల్ ఇంకో పిల్ల మొహం చూడలేదు. నర్సరీ లేకపోతే పిల్లలు పాడైపోతారనే వాళ్ళందరికీ నా మాటగా చెప్పండి."

"నువ్వు కాదమ్మా, మోయిరా," అంది నెల్. "నువ్వైతే దొంగాట ఆడనిస్తావు."

పెద్దావిడ మొహం పాలిపోయింది.

"మోయిరా హాస్లమా? ఎక్కడుందావిడ?"

"వెళ్ళిపోయింది. ఎక్కడికో నేనడగలేదు. ఏం, మీకు తెలుసా?" అంది హెస్టర్.

పెద్దావిడ వెనక్కి తిరిగి పిల్లల గది వైపు చూసింది.

"ఇరవై రెండేళ్ళు ఈ గదిలో పిల్లలకి ఆడటం నేర్పింది ఆవిడే... మార్చిలో నర్సరీ మూసినప్పుడు, నేనే ఉద్యోగంలోంచి తీసేశాను."